జామీను కాగితం మీద మన పేరు

సంపాదకులు గారికి నమస్కారం.

ఒడిశాలోని మా రాయగడ జిల్లాలో ఏదో ఒక ఆదివాసీ కొండ ఊరు గని వద్దని దిగొచ్చి రోడ్డు మీద కూర్చుందంటే మర్నాడు మీ పత్రికలో నాలుగు వాక్యాలు వస్తాయి. ఎంతమంది గుమిగూడారు, ఎంతమంది పోలీసులకు గాయాలయ్యాయి, ఎంతమందిని అదుపులోకి తీసుకున్నారు. అంతే. ఆ అదుపులోకి తీసుకున్నవాళ్ళు తరవాత ఏమయ్యారో మళ్ళీ ఏ పేజీలోనూ కనబడదు. నా బతుకు గడిచేది ఆ తరవాతి సంగతుల మధ్యనే కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

రాయగడలో కోర్టుకి దగ్గర్లో నాకు టైపింగు, జిరాక్సు షాపు ఉంది. మా ఆయన ప్లీడరు గుమాస్తాగా చేసేవారు. ఆయన పోయాక ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. ఇంట్లో తెలుగు, కోర్టులో ఒడియా, చిన్నప్పుడు నాన్నతో సంతలు తిరగడం వల్ల పట్టుబడ్డ, కొండల్లో కోందులు మాట్లాడే కువి మాటలు కొన్ని. ఈ మూడూ వచ్చు కాబట్టి కొండల నుంచి వచ్చిన ఆడవాళ్ళు వెతుక్కుంటూ నా దగ్గరికే వస్తారు. వకాల్తా, బెయిలు పిటిషను, అఫిడవిట్టు, జామీను (పూచీ) బాండు అన్నీ నా బల్ల మీదే తయారవుతాయి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. తమ ఊరి కోసం శాంతిగా రోడ్డు మీద కూర్చున్నవాళ్ళను కొట్టి జైల్లో పడేస్తే, ఇంట్లో కూర్చుని అయ్యో పాపం అనుకుంటే వాళ్ళకు ఒరిగేదేమీ లేదు. మన పేరు మీద ఇంటి పట్టా ఉంది, శిస్తు రసీదు ఉంది. అవి పట్టుకెళ్ళి కోర్టులో వాళ్ళకు జామీను నిలబడాలి. రాయగడ, గుణుపురం, బిస్సం కటక్, పర్లాకిమిడి ఊళ్ళలో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ స్తోమత ఉంది.

పోయిన చలికాలంలో ఒకావిడ చంటిపిల్లను వీపున కట్టుకుని షాపుకి వచ్చింది. ఆవిడ మొగుడికి బెయిలు వచ్చి అప్పటికే చాలా రోజులయింది. అయినా మనిషి లోపలే ఉన్నాడు. ఇద్దరు జామీనుదారులు కావాలని, అందులో ఒకరు స్థానికులై ఉండాలని ఆర్డరులో రాసి ఉంది. ఆవిడ చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడతలు చిరిగిపోయిన పట్టా. అది వాళ్ళ మామగారి తండ్రి పేరు మీద ఉంది. ఆయన పోయాక పేరు మార్పు ఎవరూ చేయించలేదు, చేయించాలని వాళ్ళకు చెప్పినవాళ్ళూ లేరు. కొండవాలులో వాళ్ళు దున్నే పోడు చెక్కకయితే కాగితమే లేదు. అటవీ హక్కుల చట్టం కింద పెట్టుకున్న దరఖాస్తు ఏ బల్ల మీద ఆగిందో తెలీదు. ఊళ్ళోవాళ్ళు ఎవరైనా రారా అని అడిగాను. "వస్తే వాళ్ళనీ పట్టుకుంటారు కదమ్మా" అంది.

ఆవిడ భయం ఉత్త భయం కాదు. ఇలాంటి కేసుల ఎఫ్ఐఆర్‌లు నేను చాలా టైపు చేశాను, చాలా జిరాక్సు తీశాను. ముందు కొన్ని పేర్లుంటాయి. వాటి కింద "మరియు మరికొంతమంది" అని ఒక ముక్క ఉంటుంది, ఒక్కోసారి వంద, రెండు వందలని అంకె కూడా వేస్తారు. ఆ ముక్కలో ఊరంతా పట్టేస్తుంది. రేపు ఎవరిని పట్టుకున్నా ఆ మరికొంతమందిలో నువ్వూ ఉన్నావనొచ్చు. అందుకే మగవాళ్ళు సంతకు దిగరు, జ్వరమొస్తే ఆసుపత్రికి రారు, రాత్రిళ్ళు అడవిలో పడుకుంటారు. కేసు పదిమంది మీద పెడతారు, శిక్ష మాత్రం ఊరంతా అనుభవిస్తుంది. విచారణ మొదలవకముందే.

వాళ్ళు రోడ్డు మీద కూర్చుని అడిగింది ఏమిటో కూడా చెప్పాలి. మా ఊళ్ళో గ్రామసభ జరగలేదు, జరిగినట్టు సంతకాలు, వేలిముద్రలతో కాగితం ఎలా వచ్చింది, దాన్ని మాకు చూపించండి అని. అది అడగడానికి చట్టం వాళ్ళకు హక్కు ఇచ్చింది. మా జిల్లా మొత్తం ఐదో షెడ్యూలు ప్రాంతం, అంటే ఆదివాసీల కోసం రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ప్రాంతం. 1996 నాటి పెసా చట్టం (షెడ్యూలు ప్రాంతాల పంచాయతీల చట్టం), 2006 నాటి అటవీ హక్కుల చట్టం రెండూ గ్రామసభకు అధికారం ఇచ్చాయి. ఆ అధికారం ఎంత గట్టిదో మా జిల్లాయే దేశానికి చూపించింది. నియమగిరి కొండల మీద బాక్సైటు (అల్యూమినియం ముడి ఖనిజం) తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ జులై, ఆగస్టుల్లో జిల్లా జడ్జిల సమక్షంలో సభలు పెట్టారు. రాయగడ వైపు ఏడు ఊళ్ళు, కలహండి వైపు ఐదు. పన్నెండూ వద్దనే చెప్పాయి. డొంగ్రియా కోందు తెగ ఆడవాళ్ళు వానలో తడుస్తూ వచ్చి, మా దేవుడు నియమ్ రాజా కొండ ఇవ్వం అని లేచి నిలబడి చెప్పారు. ఒక్క రాయి పడలేదు, ఒక్క లాఠీ లేవలేదు. చట్టం ప్రకారం అడిగితే మనుషులు చట్టం ప్రకారమే జవాబు చెప్తారు.

దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నది కాశీపూర్ బ్లాకు మైకాంచ్ ఊరు. 2000 డిసెంబరు 16న ఆ ఊళ్ళో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు ఆదివాసీలు చనిపోయారు. అల్యూమినా ప్రాజెక్టు వద్దని వాళ్ళు అప్పటికే ఏళ్ళ తరబడి సభలు పెట్టుకుంటూ, అర్జీలు పెట్టుకుంటూ వచ్చారు. కాల్పుల తరవాత జడ్జిగారితో విచారణ కమిషన్ వేశారు. ఫ్యాక్టరీ మాత్రం ఆగలేదు, ఈ రోజుకీ నడుస్తోంది. ఏటా డిసెంబరు 16న ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అక్కడ చేరి ఆ ముగ్గురినీ తలుచుకుంటారు. మన పట్నంలో మాత్రం ఆ తారీఖు ఎవరికీ గుర్తుండదు. ఆ రోజుల్లో మా ఆయన రాత్రి పొద్దుపోయేదాకా కోర్టు పనిమీదే ఉండేవారు. ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని ఏమీ మాట్లాడేవారు కాదు.

2009 నవంబరు 20న కొరాపుట్ జిల్లా నారాయణపట్నంలో జరిగినది కూడా చెప్పుకోవాలి. పోలీసులు గాలింపు పేరుతో ఊళ్ళలోకి వచ్చి ఆడవాళ్ళతో తప్పుగా ప్రవర్తించారని అడగడానికి జనం ఠాణా దగ్గరికి వెళ్ళారు. అక్కడ కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు. ఆ తరవాత కొరాపుట్ జైలు నిండిపోయింది. అక్కడ ఆదివాసీల భూముల కోసం నడిచిన గొడవల్లో ఊళ్ళు వదిలి వచ్చేసిన గిరిజనేతర కుటుంబాలు కూడా ఉన్నాయి, వాళ్ళ కష్టం చిన్నదని నేను అనను. కానీ ఒకడి పొలం తగాదాకు ఇంకొకణ్ణి తుపాకీతో కాల్చడం ఏ చట్టంలోనూ లేదు. నేరం చేసినవాడి మీద సాక్ష్యం తెచ్చి శిక్ష వేయించండి, ఎవరొద్దన్నారు?

ఇది ఒడిశా గొడవ, మనకెందుకు అనే తెలుగు పాఠకులకు ఒక మాట. మా మేనత్త కొడుకులది శ్రీకాకుళం జిల్లా సోంపేట వైపు. 2010 జులై 14న అక్కడ బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దన్న రైతుల మీద, మత్స్యకారుల మీద కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతి కొట్టేసింది. అంటే ఆ జనం చెప్పిందే నిజమని అధికారికంగా తేలిన రోజునే వాళ్ళమీద తుపాకులు పేలాయి. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కాకరాపల్లిలోనూ థర్మల్ ప్లాంటు వద్దన్నవాళ్ళ మీద కాల్పులే. సోంపేటలో పడితే మనవాళ్ళు, కాశీపూర్లో పడితే ఎవరో కొండోళ్ళు అవుతారా? మన ఇంట్లో పప్పులో వేసే పసుపు వాళ్ళ కొండదే. బుధవారం చటికోన సంతలో వాళ్ళ దగ్గర పసుపు, అల్లం, అనాస, చింతపండు కొని ఇళ్ళు కట్టుకున్నాం. జామీనుకి ఒక షావుకారుని అడిగితే, "పసుపు వ్యవహారం వేరు, పోలీసు వ్యవహారం వేరు అమ్మా" అన్నారు. వాళ్ళింట్లో మూడు తరాలుగా ఆ ఊరి పసుపే కొంటున్నారు. నాకు చాలా బాధనిపించింది.

చివరికి ఒక రిటైరయిన రైల్వే ఆయన, నేను కలిసి నిలబడ్డాం. మనిషి బయటికొచ్చాడు. మర్నాడు నా షాపుకి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించాడు. మణికట్టుకీ మోచేతికీ మధ్య, ముంజేతికి బయటివైపు, ఎముక ఒకచోట ఉబ్బి వంకరగా అతుక్కుంది. గిన్నె ఎత్తి నీళ్ళు తాగుతుంటే ఆ చెయ్యి నిండా తిరగలేదు. కొట్టడానికి లేచిన చేతికి దెబ్బ అక్కడ తగలడం అరుదు. తల కాచుకోవడానికి అడ్డం పెట్టుకున్నప్పుడే ఎక్కువగా తగులుతుంది. నాకు వైద్యం రాదు. అయినా ఇన్నేళ్ళలో ఈ షాపులో అలాంటి చేతులు ఇంకా చూశాను, అందరికీ దెబ్బ అక్కడే. ఆయన్ని పట్టుకున్న రోజు రాసిన వైద్య పరీక్ష కాగితంలో మాత్రం కొత్త గాయాలేవీ లేవని ఉంది. పోలీసులు కొట్టారా అని కోర్టులో అడిగారట. ప్రశ్న ఒడియాలో, ఆయన భాష కువి. ఏం అడిగారో తెలియక తల ఊపాడు.

మీ పాఠకుల్లో చాలామందికి ఈ సంగతులు తెలియవు, తెలిస్తే అడుగుతారు. అరెస్టు చేసేటప్పుడు మెమో రాయాలి. దాని మీద ఇంటివాళ్ళో ఊళ్ళో పెద్దమనిషో సాక్షి సంతకం చెయ్యాలి. ఒంటి మీద దెబ్బలుంటే రాసి ఆ మనిషికి ఒక ప్రతి ఇవ్వాలి. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు పెట్టిన నియమాలివి. 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెప్తోంది. గుంపుని చెదరగొట్టాలంటే ముందు వెళ్ళిపొమ్మని ఆజ్ఞ ఇవ్వాలి. వినకపోతేనే బలం వాడాలి. సైన్యం, కేంద్ర బలగాలు దిగినా, ఎంత తక్కువ బలంతో, ఎంత తక్కువ నష్టంతో పని జరుగుతుందో అంతే వాడాలని చట్టంలో మాటకు మాట రాసి ఉంది. 2011లో ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో అర్ధరాత్రి నిద్రపోతున్న జనం మీద పోలీసులు విరుచుకుపడితే, మరుసటి ఏడాది సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టింది. ఢిల్లీలో పడుకున్నవాడి నిద్రకున్న విలువ మా కొండమీద తెల్లవారుజామున పడుకున్నవాడికీ ఉండాలి.

మా పక్క మల్కనగిరి దాటితే ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా. అక్కడి సిల్గేర్లో, అడగకుండా మా పొలాల్లో బలగాల క్యాంపు పెట్టారని జనం చేరితే 2021 మే 17న కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. చనిపోయినవాళ్ళు మావోయిస్టులని పోలీసులన్నారు, మా ఊరి పిల్లలని జనమన్నారు. ఆ జనం అక్కడినుంచి లేవకుండా నెలల తరబడి కూర్చున్నారు. మా వైపు కూడా అదే ముద్ర. కొండ నుంచి వచ్చి ఒడియా సరిగా రాని మనిషి ఏదైనా అడిగితే చాలు, వెనకాల ఎవరో ఉన్నారంటారు. ఒకటి చెప్తాను. తుపాకీ పట్టినవాడు గ్రామసభ కాగితం చూపించమని కలెక్టరాఫీసు ముందు కూర్చోడు. కూర్చున్నవాడిని కొట్టి పంపిస్తే, కూర్చోవడం వల్ల లాభం లేదనే పాఠం వాడికి మనమే నేర్పినట్టవుతుంది. శాంతి కావాలనుకునేవాళ్ళు ముందు నిలబడాల్సింది శాంతిగా కూర్చున్నవాడి పక్కన.

ఇక జామీను సంగతి. నా దగ్గరికొచ్చే తెలుగువాళ్ళ భయాలు నాకు బాగా తెలుసు. జామీను నిలబడితే మనమూ కేసులో ఇరుక్కుంటామని అందరూ అనుకుంటారు. అది తప్పు. జామీను అంటే ఈ మనిషి వాయిదాకి వస్తాడని పూచీ పడడం, అంతే. అతను చేసింది ఒప్పనో తప్పనో మనం సంతకం పెట్టడం లేదు. అతను రాకపోతే బాండులో రాసిన సొమ్ము కట్టమని కోర్టు అడగొచ్చు, అందులో కొంత తగ్గించే అధికారం కూడా కోర్టుకుంది. మనకు ఇష్టం లేకపోతే ఎప్పుడైనా దరఖాస్తు పెట్టుకుని తప్పుకోవచ్చు. ఇంకెంతమందికి జామీనుగా ఉన్నామో అఫిడవిట్టులో నిజం చెప్తే చాలు. నా ఎరుకలో కొండవాళ్ళకు జామీను నిలిచి సొమ్ము పోగొట్టుకున్నవాళ్ళు లేరు. వాయిదా అంటే వాళ్ళు ముందురోజే దిగొచ్చి స్టేషను ప్లాట్‌ఫారం మీద పడుకుని పొద్దున్నే కోర్టు గేటు దగ్గరుంటారు.

స్థానిక జామీనే కావాలని పట్టుబట్టడం కూడా చట్టానికి నిలిచేది కాదు. 1978లో మోతీరాం అనే తాపీపనివాడి కేసు సుప్రీంకోర్టుకెళ్ళింది. పదివేల జామీను అడిగారు, అన్నదమ్ముడు నిలబడితే ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ గారు ఆ తీర్పులో అడిగారు: బస్తర్లోనో పోర్ట్‌బ్లెయిర్లోనో ఒక మలయాళీనో కన్నడిగుణ్ణో తమిళుణ్ణో తెలుగువాణ్ణో పట్టుకుంటే, స్థానిక జామీను ఎక్కణ్ణుంచి తెస్తాడని. తెలుగువాడి పేరు చెప్పి మరీ అడిగారు. మన బిడ్డ పరాయి ఊళ్ళో ఇరుక్కుంటే ఎలా ఉంటుందో దేశంలో అత్యున్నత కోర్టు ఆలోచించింది. మనం మన పక్క కొండవాడి గురించి ఆలోచించలేమా? 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పింది. బెయిలొచ్చి నెలలోగా బాండు పెట్టుకోలేకపోతే కోర్టు తనంతట తానే షరతులు సడలించే విషయం చూడొచ్చని, స్థానిక జామీను షరతు పెట్టకపోవడం మంచిదని. కాబట్టి పార్వతీపురం, కొమరాడ, సాలూరు వైపు ఉన్న బంధువులు కూడా ముందుకు రావచ్చు. కాదంటే ఈ తీర్పులు ప్లీడరు చేత చూపించొచ్చు. షెడ్యూల్డ్ తెగలవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం 1987 చట్టం ప్రకారం దక్కాలి, జిల్లా న్యాయసేవల సంస్థలో అడిగితే ప్లీడర్ని ఇస్తారు.

గనులొస్తే పిల్లలకు ఉద్యోగాలొస్తాయి కదా అని మా షాపులోనే వాదించేవాళ్ళున్నారు. మా పెద్దవాడు కూడా అలాగే అంటాడు. ఆ వాదన గ్రామసభలో జరగనివ్వండి, నేనూ వింటాను. వద్దన్నవాడి చెయ్యి విరగ్గొట్టి గెలిచే వాదన మా వాడికి కూడా అక్కర్లేదు, అడిగి చూశాను.

సంపాదకులు గారూ, మీ నుంచి నేను కోరేది పెద్దదేమీ కాదు. ఎవరినైనా అదుపులోకి తీసుకున్నారని వార్త వేస్తే, నెల తరవాత మీ విలేకరిని కోర్టుకి పంపించండి. ఎంతమందికి బెయిలొచ్చింది, వచ్చినా ఎంతమంది లోపలే ఉన్నారు, ఎవరికి ఏ దెబ్బలున్నాయి, గ్రామసభ కాగితం చూపించారా లేదా. పోలీసుల ప్రకటనతో పాటు ఊరివాళ్ళ మాట కూడా ఒక వాక్యమైనా వెయ్యండి. భాష అడ్డమైతే నన్ను పిలవండి, వచ్చి చెప్తాను.

జామీను నిలబడదలచినవాళ్ళు తమ పేరు మీద ఉన్న పట్టా, ఈ ఏటి శిస్తు రసీదు, ఆధార్ కార్డు అసలు, రెండు ఫొటోలు తెచ్చుకోండి. పట్టా తండ్రి పేరు మీదే ఉంటే ముందు తహసీల్దారు ఆఫీసులో పేరు మార్చుకుని రండి. కోర్టు పది గంటలకు మొదలవుతుంది, ఆ లోపు వస్తే అఫిడవిట్టు అదే రోజు వేసుకోవచ్చు. ఈ కేసుల కాగితాలకు నేను టైపింగు డబ్బులు తీసుకోను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రాయగడ, ఒడిశా.